రొమ్ము క్యాన్సర్ రోగికి జన్యు పరీక్ష గురించి ముందుగా ఏం చెప్పాలి?

ప్రశ్న: వార్డు నర్సు

నమస్కారం. నేను రొమ్ము క్యాన్సర్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. వ్యాధి కొత్తగా నిర్ధారణ అయిన వారికి వంశపారంపర్య జన్యు పరీక్ష గురించి వివరించి, అంగీకార పత్రం మీద సంతకం తీసుకుని, రక్త నమూనా పంపే బాధ్యతను కొన్ని నెలలుగా నాకు అప్పగించారు. ఒక్కొక్కరితో మాట్లాడటానికి ఇరవై నిమిషాలు దొరుకుతాయి. జన్యువు అంటే ఏమిటి, రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు ఏం చేస్తాయి, డీఎన్‌ఏ తెగిన చోట అతుకు ఎలా పడుతుంది అన్న వరసలో బొమ్మలు చూపిస్తూ చెబుతున్నాను. అందరూ శ్రద్ధగా తల ఊపుతారు, సంతకం చేస్తారు. తీరా ఫలితం వచ్చాక వారు అడిగే ప్రశ్నలు వింటే, నేను చెప్పినదేదీ వారి మనసులో నిలవలేదని తెలిసిపోతోంది.

మూడు సందర్భాలు చెబుతాను. ఒకావిడకు హానికరమైన మార్పు ఏదీ కనిపించలేదని ఫలితం వచ్చింది. ఆవిడ ఆ సాయంత్రమే చెల్లెళ్లిద్దరికీ ఫోన్ చేసి, మన ఇంట్లో ఇది లేదట, మీరు మామోగ్రామ్ చేయించుకోనక్కర్లేదని చెప్పేశారు. ఆవిడ తల్లికీ పెద్దమ్మకూ కూడా ఇదే జబ్బు వచ్చిందన్న సంగతి ఆ సంతోషంలో మరుగున పడిపోయింది. ఇంకొకరి ఫలితంలో "ప్రాముఖ్యం తేలని మార్పు" అని ఉంది. ఆ మాట చదివిన నాటి నుంచి రెండు రొమ్ములూ తీసేయమని ఆవిడ పట్టుబడుతున్నారు. మూడో ఆవిడ, "నాకు ఇరవై ఒక్క జన్యువుల పరీక్ష ముందే అయింది, స్కోరు తక్కువే వచ్చింది, మళ్లీ ఇదెందుకు?" అని అడిగారు. ఆ పరీక్ష కణితి తీరును చూసేదనీ, పుట్టుకతో వచ్చిన మార్పులను చూసేది కాదనీ ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా నేను చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కాబట్టి అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. ఇంత తక్కువ సమయంలో ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయవచ్చు? ప్రమాదం ఎంత అన్న అంకెలను భయపెట్టకుండా, అలాగని తేలిక చేయకుండా చెప్పడం ఎలా? ఫలితం వచ్చేవరకు శస్త్రచికిత్స ఆపాలా అని అడిగితే ఏమనాలి?

సమాధానం: జన్యు కౌన్సెలర్

నర్సు గారికి, మీరు బాగా చెప్పకపోవడం వల్ల ఈ చిక్కు రాలేదు, చెప్పిన వరస వల్ల వచ్చిందని నా అభిప్రాయం. జన్యువుతో మొదలుపెట్టి నిర్ణయం దగ్గర ముగిస్తే, నిర్ణయం వచ్చేసరికి వినేవారి ఓపిక అయిపోతుంది. బీఆర్‌సీఏ1 ఆచూకీ 17వ క్రోమోజోమ్ మీద ఉందని జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపించడం, 1994లో ఆ జన్యువు దొరకడం, మరుసటి ఏడు బీఆర్‌సీఏ2 బయటపడటం నాకు ఎంతో ఇష్టమైన కథ. అయినా ఒక్క రోగికి కూడా నేను దాన్ని చెప్పను. "ఈ పరీక్ష ఫలితం మీ విషయంలో దేన్ని మార్చగలదు?" అన్న ప్రశ్నతోనే మాట మొదలుపెడతాను.

మార్చగలిగేవి నాలుగు. శస్త్రచికిత్స ఏ మేరకు అన్నది మొదటిది. మందుల ఎంపిక రెండోది: హెర్2 నెగెటివ్ క్యాన్సర్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేని రకం) ఉండి, పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ మార్పు కూడా ఉంటే ఒలాపరిబ్ వంటి పార్ప్ నిరోధక మందులు (డీఎన్‌ఏను బాగుచేసే పార్ప్ అనే ఎంజైమును అడ్డుకునేవి) పనికొస్తాయి. మూడోది అండాశయాల సంగతి. రొమ్ము గురించి వచ్చిన మనిషికి అండాశయాల ప్రస్తావన ఎందుకో ముందే చెప్పకపోతే, ఫలితం రోజున అది రెండో పిడుగు అవుతుంది. నాలుగోది రక్తసంబంధీకులు. ఎదుట కూర్చున్న రోగికి ఈ నాలుగింటిలో ఏవి వర్తిస్తాయో ముందు చూసుకుని, వాటి గురించే మాట్లాడండి. శస్త్రచికిత్స ఎప్పుడో అయిపోయి, పిల్లలు పెద్దవాళ్లయిన డెబ్బై ఏళ్ల ఆవిడకు ఈ పరీక్ష ప్రధానంగా పిల్లల కోసం. ముప్పై ఐదేళ్ల వయసులో ట్రిపుల్ నెగెటివ్ క్యాన్సర్‌తో (రెండు హార్మోన్ గ్రాహకాలూ, హెర్2 కూడా లేని రకం) వచ్చిన అమ్మాయికి అది ముందు తన చికిత్స కోసమే. ఇద్దరికీ ఒకే ప్రసంగం సరిపోదు.

ఆ తర్వాత, రక్తం తీయకముందే, ఫలితం మూడు రకాలుగా రావచ్చని చెప్పండి. నన్నడిగితే ఆ ఇరవై నిమిషాల్లో సగం దీనికే పోయినా ఫరవాలేదు.

హానికరమైన మార్పు కనిపించడం ఒక రకం. ఏదీ కనిపించకపోవడం రెండోది. దీన్ని "నెగెటివ్" అన్న ఒక్క మాటతో వదిలేస్తే మీ మొదటి సందర్భమే పునరావృతమవుతుంది. కుటుంబంలో ఒక మార్పు ఉందని ముందే తేలి, అదే మార్పు ఈ మనిషికి లేదని తెలిస్తే అది నిజమైన ఊరట. కుటుంబంలో ఎవరికీ పరీక్ష జరగకుండా, ముగ్గురికి జబ్బు వచ్చి, వారిలో ఒకరి పరీక్షలో ఏమీ దొరకకపోతే దానికి అర్థం వేరు: మనం వెతికిన జన్యువుల్లో, వెతకగలిగిన పద్ధతిలో కారణం కనిపించలేదు, అంతే. చెల్లెళ్ల ప్రమాదాన్ని అప్పుడు కుటుంబ చరిత్రను బట్టి అంచనా వేస్తారు. నేను ఈ మాటనే ఇలా చెబుతాను: "ఇంట్లో వస్తువు పోయింది. నాలుగు గదులు వెతికాం, దొరకలేదు. పోలేదని అనలేం కదా."

మూడోది, ప్రాముఖ్యం తేలని మార్పు. ప్రయోగశాలలు 2015 నుంచి అనుసరిస్తున్న వర్గీకరణలో ఐదు మెట్లున్నాయి: హానికరం, బహుశా హానికరం, తేలనిది, బహుశా హానిరహితం, హానిరహితం. మధ్య మెట్టును చాలామంది "సగం ప్రమాదం" అని అర్థం చేసుకుంటారు, డాక్టర్లలోనూ అలా అనుకునేవారు లేకపోలేదు. నిజానికి ఆ మాట చెబుతున్నది రోగి శరీరం గురించి కాదు, మన దగ్గరున్న సమాచారం చాలకపోవడం గురించి. ఇలాంటి మార్పులను తర్వాత తిరిగి వర్గీకరించినప్పుడు, పదింటిలో దాదాపు తొమ్మిది హానిరహితం వైపే జరిగాయని 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. కాబట్టి దీని ఆధారంగా శస్త్రచికిత్స చేయరాదు, బంధువులకు ఆ మార్పు కోసం పరీక్ష చేసి నిర్ణయాలు తీసుకోరాదు. ఎక్కువ జన్యువులను చూసే ప్యానెల్ వేస్తే ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం పెరుగుతుంది. పరిశోధన సమాచారంలో తక్కువగా కనిపించే జనసమూహాల వారికి ఇంకా ఎక్కువగా వస్తుంది. ఇదంతా ఫలితం వచ్చాక చెబితే సర్దిచెబుతున్నట్టు వినిపిస్తుంది, ముందే చెబితే సమాచారంలా వినిపిస్తుంది.

అంకెల గురించి అడిగారు. "ఆరు రెట్లు ఎక్కువ" వంటి పోలికలు వాడకండి. దేనికి ఆరు రెట్లో వినేవారికి తెలియదు. నూరుమంది మనుషుల లెక్కలో చెప్పండి. 2017లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ1లో హానికరమైన మార్పు ఉన్న నూరుమంది స్త్రీలలో ఎనభై ఏళ్లు వచ్చేసరికి సుమారు 72 మందికి, బీఆర్‌సీఏ2 అయితే 69 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయ క్యాన్సర్ మొదటివారిలో 44 మందికి, రెండోవారిలో 17 మందికి వస్తుంది. అయితే మీ ఎదుట ఉన్నవారికి రొమ్ము క్యాన్సర్ ఇప్పటికే వచ్చింది కనుక వారికి కావలసిన అంకె వేరు: రెండో రొమ్ములో కొత్తగా వచ్చే అవకాశం. అదే అధ్యయనంలో, మొదటి క్యాన్సర్ తర్వాత ఇరవై ఏళ్లలో అది బీఆర్‌సీఏ1 వారిలో నూటికి 40, బీఆర్‌సీఏ2 వారిలో నూటికి 26. రాని వారు ఎంతమందో కూడా అదే వాక్యంలో చెప్పడం మరవకండి: నూటికి 60, నూటికి 74. అన్ని జన్యువులనూ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. పాల్‌బీ2 అనే మరో జన్యువులో మార్పుతో ప్రమాదం బీఆర్‌సీఏ2కు కాస్త దిగువన ఉంటుంది, చెక్2, ఏటీఎమ్ జన్యువుల మార్పులతో మధ్యస్థంగా ఉంటుంది. చెక్2 ఫలితం చేతికి వచ్చిన మనిషి ఇంటర్నెట్‌లో బీఆర్‌సీఏ1 కథలు చదివి నిద్ర పోగొట్టుకోవడం నేను తరచూ చూస్తుంటాను.

చివరగా, అర్థమైందా అని అడగకండి. అందరూ అయిందనే అంటారు. "ఇంటికి వెళ్లాక మీ వాళ్లు ఈ పరీక్ష ఎందుకని అడిగితే ఏమని చెబుతారు?" అని అడిగి వినండి. ఎక్కడ తప్పిందో అక్కడ మీకే వినిపిస్తుంది.

సమాధానం: బీఆర్‌సీఏ2 ఉన్న ఒక రోగి

కౌన్సెలర్ గారు చెప్పినదంతా సరైనదే. అవతలి కుర్చీలో కూర్చున్న అనుభవం నుంచి కొంత చేర్చాలనిపించింది. నాకు క్యాన్సర్ అని తెలిసింది ఒక సోమవారం, జన్యు పరీక్ష గురించి చెప్పింది ఆ బుధవారం. ఆ బుధవారం నాకు చెప్పినవారు మంచివారే, ఓపికగానే చెప్పారు. కానీ ఆ రోజున నాకు వినిపించింది ఒక్కటే, ఇదంతా నా పిల్లలకు నా వల్ల వస్తుందని. వాళ్లు ఆ మాట అనలేదని తర్వాత కాగితం చదివితే తెలిసింది. ఒక్కో బిడ్డకు సంక్రమించే అవకాశం సగం అని మాత్రమే అందులో ఉంది. అందుకని మీరు ఎంత బాగా చెప్పినా, చెప్పిన దాన్ని రెండు పుటలకు మించకుండా రాసి ఇవ్వండి. రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి ఫోన్ చేయండి. నా అసలు ప్రశ్నలు ఆ ఫోన్‌లోనే పుట్టాయి.

కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు తండ్రి వైపు గురించి విడిగా అడగండి. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా అంటే నేను అమ్మ, అమ్మమ్మ, పిన్నుల వరకు వెళ్లి లేదన్నాను. నాన్నకు అక్కచెల్లెళ్లు లేరు, ఆయన అన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది. దానికీ నా జబ్బుకీ ముడి ఉండవచ్చని నాకు ఎలా తోస్తుంది? మార్పు నాన్న వైపు నుంచే వచ్చింది. మగవారి ద్వారా కూడా ఇది దిగుతుందనీ, మగవారిలో ప్రోస్టేట్, క్లోమం, అరుదుగా రొమ్ము క్యాన్సర్‌గా కనిపించవచ్చనీ ఎవరైనా ముందు చెప్పి ఉంటే, ఆ ప్రశ్నకు నా జవాబు వేరుగా ఉండేది.

ఇంకొక విషయం. పరీక్ష చేయించుకోవడం నా నిర్ణయమే, కానీ ఫలితం నా ఒక్కదానిది కాదన్న సంగతి నాకు ఫలితం వచ్చాకే తట్టింది. తమ్ముడికి చెప్పాలి, పెదనాన్న కూతుళ్లకు చెప్పాలి. మాటలు దొరక్క మూడు వారాలు ఆగాను. చివరకు ఆసుపత్రి వారు బంధువులకు ఇవ్వడానికి ఒక ఉత్తరం రాసి ఇచ్చారు. ఏ జన్యువులో ఏ మార్పో అందులో కచ్చితంగా ఉంది కాబట్టి వారికి ఆ ఒక్క చోటే వెతికే పరీక్ష సరిపోయింది. మా అక్కల్లో ఒకరికి అది లేదని తేలింది. ఆవిడ సంతోషించకుండా నా దగ్గర కూర్చుని ఏడ్చింది. లేనివారికి కూడా ఒక బరువు ఉంటుందని దయచేసి గుర్తుంచుకోండి.

తిరుగు ప్రశ్న: వార్డు నర్సు

ఇద్దరికీ ధన్యవాదాలు. తండ్రి వైపు విడిగా అడగాలన్న మాటను నా ఫారంలో ఈ రోజే చేర్చాను. అయితే ఒక సందేహం మిగిలింది. కొందరు, నాకు ఇప్పుడు ఇది వద్దు, ముందు కణితి తీయండి అంటారు. వారిని ఒప్పించడం నా బాధ్యతా, వదిలేయడం నా బాధ్యతా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

సమాధానం: రొమ్ము శస్త్రవైద్యుడు

ఒప్పించడం మీ పని కాదు. కానీ "ఇప్పుడు వద్దు" అన్న మాట వెనుక ఏ నిర్ణయం ఆగిపోతుందో, ఏది ఆగదో చెప్పడం మీ పనే, నా పని కూడా. ఫలితం రావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. శస్త్రచికిత్సకు ముందే కీమో మొదలైన వారికి చేతిలో నెలల సమయం ఉంటుంది, అక్కడ తొందర అనే ప్రశ్నే లేదు. నేరుగా శస్త్రచికిత్సకు వెళ్లే వారిలో, ఫలితాన్ని బట్టి లంపెక్టమీ (కణితి ఉన్న భాగాన్ని మాత్రమే తీయడం) బదులు రెండు వైపులా మాస్టెక్టమీ (రొమ్మును పూర్తిగా తీసేయడం) కోరుకుంటానని రోగి స్పష్టంగా చెబితే, ఆ కొద్ది వారాలు ఆగడం గురించి మాట్లాడతాను. ఫలితం ఏదైనా ముందు లంపెక్టమీయే కావాలంటే ఆగను. రెండో వైపు శస్త్రచికిత్స తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు. తీసేసిన దాన్ని మాత్రం తిరిగి పెట్టలేం. ఇందులో ఒక మినహాయింపు టీపీ53 అనే మరో జన్యువు. ఆ మార్పు ఉన్నవారికి రేడియేషన్‌ను వీలైనంతవరకు తప్పించాలని చూస్తాం కాబట్టి, చాలా చిన్న వయసులో జబ్బు వచ్చిన వారిలో రేడియేషన్ మొదలయ్యేలోగా ఫలితం చేతికి రావడం మంచిది.

కౌన్సెలర్ గారి జాబితాలో శస్త్రచికిత్స మొదట ఉంది. నేనైతే దాన్ని కిందకు జరుపుతాను. ఎందుకంటే, రెండో రొమ్ము తీసేస్తే బతుకు కాలం పెరుగుతుందని రోగులు దాదాపు సహజంగానే నమ్ముతారు. కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం తగ్గడం నిజం. కానీ ఇప్పటికే వచ్చిన క్యాన్సర్ శరీరంలో మరోచోట తలెత్తే ప్రమాదాన్ని ఆ శస్త్రచికిత్స తగ్గించదు. నలభై ఏళ్లలోపే జబ్బు వచ్చిన 2,733 మంది స్త్రీలను పరిశీలించి 2018లో వెలువరించిన బ్రిటన్ అధ్యయనంలో, బీఆర్‌సీఏ మార్పు ఉన్నవారికీ లేనివారికీ మొత్తం మనుగడలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మార్పు ఉందని తెలిసిన రోజున "నా క్యాన్సర్ ఇతరులకంటే చెడ్డది" అని కుంగిపోయే వారికి నేను మొదట చెప్పే మాట ఇదే. 2013లో హాలీవుడ్ నటి ఏంజలినా జోలీ తన బీఆర్‌సీఏ1 సంగతి, శస్త్రచికిత్స సంగతి బహిరంగంగా రాసిన తర్వాత పరీక్షలు పెరిగాయి, అది మేలే. కానీ ఆమెకు అప్పటికి క్యాన్సర్ లేదన్న సంగతి చాలామందికి గుర్తుండదు. జబ్బు వచ్చినవారి లెక్క, రానివారి లెక్క ఒకటి కావు.

నేను పైకి తెచ్చేది మందులను. ప్రమాదం ఎక్కువగా ఉన్న హెర్2 నెగెటివ్ తొలిదశ క్యాన్సర్‌తో పాటు బీఆర్‌సీఏ మార్పు ఉన్నవారికి, కీమో ముగిశాక ఏడాది పాటు ఒలాపరిబ్ ఇచ్చి చూసిన ఒలింపియా పరిశోధన 2021లో వెలువడింది. మూడేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారు మందు వాడినవారిలో నూటికి 86, వాడనివారిలో నూటికి 77. పరీక్షే చేయించుకోకపోతే ఈ మందు దగ్గరకు వెళ్లే దారే ఉండదు. అందుకే "వద్దు" అన్నవారిలో ఈ కోవకు చెందిన వారి పేర్లు నేను విడిగా రాసుకుని, కీమో సగంలో ఉండగా మళ్లీ ఒకసారి అడుగుతాను. ఒకసారి కాదన్నది ఎప్పటికీ కాదని కాదు కదా. 2024లో అమెరికన్ క్యాన్సర్ వైద్యుల, క్యాన్సర్ శస్త్రవైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనలు, 65 ఏళ్లు లేదా అంతకు లోపు వయసులో రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన వారందరికీ బీఆర్‌సీఏ పరీక్ష అవకాశం ఇవ్వాలంటున్నాయి. అవకాశం ఇవ్వాలనే అవి అంటున్నాయి, చేసి తీరాలని కాదు.

సమాధానం: రోగి కుమార్తె

ఒక చిన్న ప్రశ్న. అమ్మకు ఇంకా పరీక్ష చేయలేదు. నేను లాలాజలం పంపించి ఇంట్లో చేసుకునే పరీక్ష చేయించుకున్నాను, బీఆర్‌సీఏ మార్పు లేదని వచ్చింది. ఇక అమ్మను ఇబ్బంది పెట్టడం ఎందుకని అనుకుంటున్నాం. సరేనా?

సమాధానం: జన్యు కౌన్సెలర్

అమ్మాయీ, సరికాదు. మొదట పరీక్షించవలసింది జబ్బు వచ్చిన మనిషినే. అమ్మలో ఏముందో తెలియకుండా మీలో ఏదీ లేదంటే, అమ్మ నుంచి రాలేదని అర్థమా, అసలు ఆ ఇంట్లోనే లేదని అర్థమా, వెతికిన చోట లేదని అర్థమా అన్నది తేలదు. పైగా ఇంట్లో చేసుకునే పరీక్షల్లో కొన్ని చాలా తక్కువ చోట్ల వెతుకుతాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నేరుగా వినియోగదారులకు అనుమతించిన ఒక బీఆర్‌సీఏ పరీక్ష అప్పట్లో మూడే మూడు మార్పులను చూసేది. అవి అష్కెనాజీ యూదుల్లో (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో) ఎక్కువగా కనిపించేవి. తెలిసిన బీఆర్‌సీఏ మార్పులు వెయ్యికి పైనే ఉన్నాయి. మీరు చేయించుకున్నది ఏ రకమో ఆ కాగితం తీసుకుని అమ్మతో పాటు రండి. అమ్మకు ఈ మధ్య రక్తం ఎక్కించి ఉంటే, లేదా ఎప్పుడైనా ఎముక మజ్జ మార్పిడి జరిగి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, నమూనా ఎలా తీయాలన్నది దాన్ని బట్టి ఉంటుంది. మీకు పద్దెనిమిదేళ్ల లోపు తోబుట్టువులు ఉంటే వారికి ఇప్పుడే బీఆర్‌సీఏ పరీక్ష అక్కర్లేదు. ఆ వయసులో ఫలితాన్ని బట్టి చేసేది ఏమీ లేదు, పెద్దయ్యాక నిర్ణయం వారు తీసుకోవాలి.

శస్త్రవైద్యులు గారు మందులను పైకి తెచ్చిన విషయంలో నేను ఒప్పుకుంటున్నాను, నా వరస మార్చుకుంటాను. అండాశయాలను మాత్రం కిందకు జరపనివ్వను. రొమ్మును ఎంఆర్‌ఐతో, మామోగ్రామ్‌తో గమనిస్తూ ఉండవచ్చు, అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే నమ్మదగిన స్క్రీనింగ్ పద్ధతి ఏదీ లేదు. అందుకే పిల్లలను కనడం ముగిశాక, బీఆర్‌సీఏ1 వారికి 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 వారికి 40 నుంచి 45 మధ్య అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకోమని సూచిస్తారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి ఇక అంతా అయిపోయిందనుకునే సమయంలోనే ఈ మాట చెప్పవలసి వస్తుంది కనుక, పరీక్షకు ముందే ఒక్క వాక్యంగానైనా చెవిన వేయాలి.

నర్సు గారూ, మీ రెండో సందర్భంలోని ఆవిడ గురించి ఒక మాట. రెండు రొమ్ములూ తీయమంటున్నావిడను మళ్లీ పిలిచి, ఆ కాగితంలోని మాటకు ఆవిడ చెప్పుకున్న అర్థం ఏమిటో ముందు ఆవిడ నోటనే వినండి. భయం జన్యు మార్పు గురించే అయితే వివరణతో తగ్గవచ్చు. తల్లినో అక్కనో ఈ జబ్బుతో పోగొట్టుకుని ఉంటే ఆ భయం వేరు, దాన్ని ఈ కాగితం పుట్టించలేదు, ఈ కాగితం తీర్చదు కూడా. ఆవిడ ఫోన్ నంబరు, ఫలితం వచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఏడాదికో రెండేళ్లకో ఆ మార్పు వర్గీకరణ మారిందేమో ప్రయోగశాలను అడగవలసి ఉంటుంది, మారితే ఆవిడకు కబురు చేసేవారు ఎవరో ఇప్పుడే నిర్ణయించి, ఆ పేరు కూడా అదే పుటలో రాయండి.